ఎడమ సీటులో మా మామ

మా మేనమామ పోయాడన్న కబురు నాకు రైల్లో అందింది. ఆసుపత్రిలో ఉన్నాడని చూడడానికే వస్తున్నాను. చెన్నైలో ఎక్కిన లోకల్ రైలు ఆవడి దాటగానే సిగ్నల్ లేక నిలబడిపోయింది. అత్త ఫోన్ చేసి, "పోయినాడమ్మా మీ మామ. నువ్వు నిదానంగా రా," అంది. దిగి పరుగెత్తుదామంటే తలుపు దాకా సందు లేదు. ఏడవడానికైనా చోటు లేదు. ఎవరిదో టిఫిన్ సంచి పొట్టకు గుచ్చుకుంటుంటే, రైలు ఎప్పుడు కదులుతుందా అని కడ్డీ పట్టుకుని నిలబడ్డాను.

ఆయన తిరుత్తణిలో డ్రైవింగ్ స్కూలు నడిపేవాడు. ఉన్నది ఒకటే కారు. నేర్చుకునేవాళ్లకు కుడి పక్కన ఉన్నట్టే, నేర్పే మామకు ఎడమ పక్కనా ఒక క్లచ్, ఒక బ్రేకు ఉండేవి. మొదటి నాలుగు రోజులు బైపాస్ మీద, ఆ తర్వాత మురుగన్ కొండ ఎక్కే ఘాట్ రోడ్డు మీద. "కొండెక్కి దిగినోడికి ఊర్లో భయముండదు" అనేవాడు.

ఆయన అలవాటొకటి చెప్పాలి మీకు. శిష్యులు స్టీరింగ్ పట్టుకోగానే, మామ తమిళ పేపరు విప్పి ఒళ్లో దుప్పటిలా పరుచుకునేవాడు. బండి గేదెల మందలోకి దూరినా సరే, కళ్లు పేపరు మీదే. "బయప్పడాదమ్మా, నానిరుక్కేన్" అని మాత్రం అంటుండేవాడు. భయపడొద్దు, నేనున్నానని. అలా పేపరు చదువుకుంటున్న మనిషిని చూసి ఎవరికైనా ధైర్యం వచ్చేది. నేను కారు నేర్చుకునేటప్పుడు ఒకసారి అడిగాను:

"ఏం మామా, పొద్దుట్నించి అదే పేజీనా?"

"ఆ వార్త అంత బాగుండాది. నువ్వు రోడ్డు చూడు."

తర్వాత నేను విమానం నేర్చుకున్నాను. కమర్షియల్ లైసెన్సు వచ్చింది గానీ, ఏ ఎయిర్‌లైన్స్ నుంచీ పిలుపు రాలేదు. నేర్పే పనైనా చేద్దామని ఇన్‌స్ట్రక్టర్ కోర్సులో చేరాను. అక్కడ శిష్యుడిది ఎడమ సీటు, గురువుది కుడి సీటు. ఇద్దరి ముందూ కంట్రోళ్లు ఉంటాయి. పరీక్షలో ఎగ్జామినరే శిష్యుడిగా నటిస్తూ కావాలని తప్పులు చేస్తాడు. ప్రమాదం దాకా పోనివ్వకుండా, అలాగని తొందరపడి లాక్కోకుండా, వీలైనంత వరకు మాటతోనే దిద్దాలి. నేలకు దిగే క్షణంలో ఆయన విమానం ముక్కు కాస్త ఎక్కువ ఎత్తాడో లేదో, నా చెయ్యి కంట్రోల్ మీద పడింది. "నువ్వు బాగానే నడిపావు. నేర్పలేదు," అని ఫెయిల్ చేశాడు.

తిరువళ్లూరులో మా ఇంటికొచ్చి పడ్డాను. ముందు నుయ్యి, వెనక గొయ్యి అయింది నా బతుకు. ఇంకోసారి ఫెయిలయితే ఈ దారీ మూసుకుపోయినట్టే, వేరే దారి ముందే లేదు. మేడ మీద బట్టలు ఆరేస్తే పక్కింటావిడ, "ఏమ్మా, విమానం ఎప్పుడెక్కిస్తావు?" అని అడిగేది. పైన విమానం చప్పుడు వినబడితే లోపలికెళ్లి ఫ్యాన్ వేసుకునేదాన్ని.

మామ ఫోన్ చేశాడు. "యాడ కూసోనుండావు? మూలనా? రేపట్నించి నా బండి కాడికి రా పో!"

వెళ్తే ఆయన సీట్లో నన్ను కూర్చోబెట్టి, తాను వెనక్కి పోయాడు. స్టీరింగ్ దగ్గర, పొదటూరుపేట నుంచి నేర్చుకోవడానికి వచ్చే నర్సమ్మ. కొండ మలుపులో ఇంజిన్ ఆగింది. కారు వెనక్కి జారింది, వెనకాల బస్సు హారన్ మోగిస్తోంది. నేను బ్రేకు తొక్కేశాను.

మామకు కోపమొచ్చింది. "ఆమె కాలు బ్రేకు మీదికి పోతానే ఉండె. నడమ నువ్వేల తొక్కినావు? ఇప్పుడు ఆమె ఏం నేర్చుకునింది? పక్కన పాప ఉండాది, తొక్కతాదిలే అని నేర్చుకునింది!"

"భయమేస్తాది మామా."

"భయమా? నాకు ఇన్నేండ్లలో ఒక్క దినం భయమేసింది లేదు. భయమున్నోళ్లు ఆ సీట్లో కూసోకూడదు."

ఆ మాట నన్ను బోనులో పెట్టి తాళం వేసింది. నాకు రోజూ భయమే. రోజూ కొండెక్కాం, నర్సమ్మ నిలదొక్కుకుంది, నా కాలు కూడా ఆగడం నేర్చుకుంది. లోపలి వణుకు మాత్రం పోలేదు. మామ చెప్పినదాని ప్రకారం నేను ఆ సీటుకు పనికిరాను. అయినా ఆ మాట ఆయనతో అనలేదు.

అంతలో ఆయనకు గుండె నొప్పి వచ్చింది. తిరువళ్లూరు ఆసుపత్రిలో మంచం మీద నిద్రలో కూడా దుప్పటి కింద కుడి పాదం కదులుతూనే ఉంది. అత్త ఆ పాదం పట్టుకుని, "ఎవురికి నేర్పిస్తా ఉండావయ్యా? పండుకో," అని బతిమాలింది. తెలివి రాగానే నన్ను కసిరాడు. "నన్ను చూస్తా కూసుంటే నీ పరీచ్చ ఎవురు రాస్తారు? పో!" మళ్లీ కోర్సుకు వెళ్లాను. ఆయన్ని చూడడానికి తిరిగొస్తుంటే ఆ రైల్లోనే కబురు.

కర్మలయ్యాక రెండోసారి పరీక్షకెళ్లాను. ఎగ్జామినర్ మళ్లీ ముక్కు ఎత్తాడు. నా చేతులు మోకాళ్ల మీద ఉన్నాయి. మడమలు నేలకేసి అదిమి పట్టాను. "కొంచెం దించండి... అంతే, అలాగే ఉంచండి" అన్నాను. ఆయన దించాడు. చక్రాలు రన్‌వేను మెత్తగా తాకాయి. పాసయ్యాను. సంతోషపడాల్సింది పోయి, దొంగతనంగా పాసైనట్టు అనిపించింది. భయం పోలేదు కదా, మామ వినుంటే ఏమనేవాడో!

అత్తకు చెబుదామని తిరుత్తణి వెళ్లాను. లైసెన్సు చేతికొచ్చిన సంబరంలో నర్సమ్మ వచ్చి కారు కడుగుతోంది. మ్యాట్లన్నీ దండెం మీద వేలాడుతున్నాయి. వాటిలో ఒకదానికి పెద్ద చిల్లి.

"ఇదేంది అత్తా, ఎలక కొట్టిందా?"

"ఎలకా? మీ మామే! ఏటేటా కొత్త మ్యాటు ఏసేది, ఏటేటా ఆడ్నే చిల్లి. బ్రేకు తొక్కకూడదని దాని పక్కన నేలను తొక్కతా ఉండె. దినామూ వచ్చి కాలు పిసకమనేది. కనబడకుండా పైన ఆ పేపరొకటి! ఎవురికీ చెప్పద్దనినాడు."

కారు తలుపు తీసి చూశాను. ఎడమ పక్క బ్రేకు పెడల్ రబ్బరు మీద గీతలు కూడా చెరగలేదు.

"అబద్ధాలకోరు మామా!" అన్నాను గట్టిగా. నవ్వొచ్చింది, నవ్వుతుండగానే ఏడుపూ వచ్చింది. ఈసారి ఏడవడానికి వాకిలంతా చోటుంది.

మ్యాటు చిల్లిలోంచి ఎండ వాకిట్లో గుండ్రంగా పడుతోంది. చెప్పు విడిచి అందులో మడమ ఆనించాను. నేల వెచ్చగా ఉంది.