బావ పళ్ల మధ్య బొత్తాం

మా అక్క మొగుడు గోడగడియారాలు బాగుచేస్తాడు. దుకాణం ఒక్కటే గది. కిటికీ పక్కన అక్క కుట్టుమిషను, గోడవైపు బావ బల్ల. లోలకం గడియారాన్ని నిటారుగా తగిలించకపోతే టిక్కుకీ టాక్కుకీ మధ్య ఎడం ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ అవుతుంది. దాన్ని బావ కుంటడం అంటాడు. కుంటే గడియారం ఒక పూటలో ఆగిపోతుంది. వాలు చూడటానికి అందరూ రసమట్టం వాడితే బావ చెవి వాడతాడు. పేకముక్క మందం తేడా కూడా తన చెవిని దాటిపోలేదని ముప్పై ఏళ్లుగా చెబుతున్నాడు. విని విని మా చెవులు చిల్లులు పడ్డాయి.

పోయిన నెలలో బావ ఒక రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ ఇంట్లో గడియారం తగిలించి వచ్చాడు. మర్నాటికి ఆగింది. మళ్లీ వెళ్లి సరిచేశాడు. మళ్లీ ఆగింది. ఆ సాయంత్రం పనిముట్లన్నీ తుడిచి సంచిలో వేస్తూ, "చెవి పోయినట్టుందిరా. రేపు ఆఖరుసారి చూస్తాను. అప్పటికీ ఆగితే ఈ బల్ల కూడా మీ అక్కదే," అన్నాడు. ఎప్పుడూ బావను ఏడిపించే నేను, రేపు స్టూలు నేను మోస్తానన్నాను.

మర్నాడు ముగ్గురం వెళ్లాం. స్టూలు మోత నాది. బావ స్టూలెక్కి, కళ్లు మూసుకుని, గడియారానికి చెవి ఆనించాడు.

"సమంగానే ఉంది."

"నాకైతే కుంటుతోందండీ," అంది అక్క గుమ్మంలోంచి.

"నీకేం తెలుస్తుంది?"

"మిషను ఒక్క కుట్టు తడబడితే ముందు పట్టుకునేది ఎవరో?"

హెడ్‌మిస్ట్రెస్ కళ్లజోడు సర్దుకుంది. "ముందు మీరు నోరు మూసుకుని వినండి."

బావ ముఖం మాడిపోయింది. "నేనేం మాట్లాడలేదండీ."

"మాట్లాడలేదు, నాలుకతో టిక్కు టిక్కుమంటున్నారు. యాభై మంది పిల్లల్లో గొణిగేవాణ్ణి పట్టుకున్న చెవులివి."

చూద్దును కదా, నిజమే. పాపం, బావ తనకు తెలియకుండానే నాలుకతో తాళం వేస్తున్నాడు. గడియారం ఆలస్యం చేసిన టాక్కును వేళకు తనే కొట్టి, అదే వింటున్నాడు.

"ఎప్పట్నుంచీ?" అన్నాడు నీరసంగా.

"పన్ను పీకించుకున్నప్పట్నుంచీ. ఆ సందులో నాలుక ఆడుతోంది," అంది అక్క. "ఇంటినిండా గడియారాలే కదా, అందులో ఒకటనుకున్నాను."

నేను నవ్వాపుకోలేక స్టూలు కదిలించాను. పైనుంచి తిట్లు పడ్డాయి. అక్క సంచిలోంచి ఒక కోటు బొత్తాం తీసి, "పళ్ల మధ్య పెట్టుకోండి," అంది. బావ పెట్టుకుని మళ్లీ విన్నాడు. కాసేపటికి కనుబొమలు ముడిపడ్డాయి. చిటికెనవేలితో గడియారం కింది అంచును కాస్త ఎడమకు జరిపాడు. మళ్లీ ఆగి, ఇంకో రవ్వంత.

"ఊఁ," అన్నాడు. అంతకంటే అనడానికి వీల్లేదు.

నెలయింది, ఆ గడియారం ఆగలేదు. పనిముట్లు తిరిగి బల్లెక్కాయి. ఎక్కడ గడియారం తగిలించినా ముందు బొత్తాం నోట్లోకి వెళుతుంది. అది ఉన్నంతసేపూ పేకముక్క సంగతి చెప్పలేడు. దిగాక చెబుతాడు. ఈమధ్య మేమూ వింటున్నాం.