పువ్వుకు ముందే ముగ్గు

మా గుమ్మం పక్కనున్న పారిజాతాన్ని చూసి ఇప్పుడు వీధి వీధంతా మురిసిపోతారు గానీ, దాన్ని ఈ కోనసీమ నేల మీద బతికించడానికి నేను మా అత్తగారితో ఒక వేసవి అంతా పోరాడాను. గెలిచాను కూడా. ఆ మాట చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు.

మా పుట్టిల్లు పిఠాపురానికి ఎగువన మెట్ట ఊరు. కాపురానికి వచ్చేటప్పుడు సారె కంటే ముందు నేను పడవలోకి ఎక్కించింది మట్టి చట్టిలో ఉన్న ఈ మొక్కని. పారిజాతం కాయ బిళ్ళలా పల్చగా ఉంటుంది. చీలిస్తే రెండు అరలు, అరకొక గింజ. ఆ గింజ నాటింది మా అమ్మ. మొలక చూసింది గానీ, పువ్వు చూడకుండానే పోయింది. అందుకే ఆ మొక్కంటే నాకు ప్రాణం.

అత్తవారింట వానాకాలమంతా అది చక్కగా ఎదిగింది. ఆకులు ఎదురెదురుగా జంటలు జంటలుగా వేసింది. ఆకు ముట్టుకుంటే పిల్లి నాలుక తగిలినట్టు గరుకు. లేత కొమ్మ గుండ్రంగా కాక నాలుగు పలకలుగా ఉంటుంది. అత్తగారు దాన్ని వేళ్ళ మధ్య తిప్పి చూసి, "వడ్రంగి చేత చిత్రిక పట్టించావేంటే?" అని నవ్వారు.

మాఘం దాటాక ఆకులు పండి రాలడం మొదలైంది. చైత్రానికి పుల్లలు మిగిలాయి. ఎండాకాలం ఈ జాతి ఆకు విడిచి నిద్రపోతుందని మెట్టలో పుట్టినవాళ్ళకు తెలుసు. కాలవ కింద బతికేవాళ్ళకు కొబ్బరీ అరటీ ఏడాది పొడుగునా పచ్చగానే కనబడతాయి. బోసిపోయిన మొక్క అంటే వాళ్ళ లెక్కలో దాహంతో చస్తున్న మొక్కే. అత్తగారు పాపం జాలిపడి, పొద్దున్నే బిందెలతో నీళ్ళు గుమ్మరించడం మొదలుపెట్టారు. నిద్రపోయే మొక్క అన్ని నీళ్ళు తాగదు, వేరు కుళ్ళిపోతుంది.

"నీళ్ళు పోయకండి అత్తయ్యగారూ, చచ్చిపోతుంది," అన్నాను.

"మొక్కకి నీళ్ళొద్దనే కోడల్ని నిన్నే చూశానమ్మా," అన్నారావిడ.

మామగారు అరుగు మీంచి తీర్పు చెప్పేశారు. "గుమ్మం ముందు ఎండుపుల్ల ఏం బాగుంటుంది? ఏరువాక పున్నమిలోగా చిగురేస్తే సరి, లేకపోతే పీకించేస్తాను."

ఎదురు చెప్పే వయసు కాదు నాది. కానీ మొండితనానికి వయసుతో పనేముంది? రాలిన పువ్వు దేవుడికి పనికిరాదంటారు, ఒక్క పారిజాతం తప్ప. అందుకే మా వైపు పూలు రాలే చోట అలికి ముగ్గు పెడతారు. మర్నాడు అత్తగారు బిందె ఎత్తుకునేలోపే నేను మొదలు చుట్టూ అలికి, పెద్ద ముగ్గు వేసేశాను. ముగ్గు మీద నీళ్ళు గుమ్మరించడానికి ఆవిడకు చెయ్యి రాలేదు.

"పువ్వే లేదు, ముగ్గేంటే?" అన్నారు.

"రాలేటప్పటికి చోటు సిద్ధంగా ఉండాలి కదండీ," అన్నాను.

రోజూ అదే పని. ఎవరూ చూడకుండా బెరడు గోటితో గీకేదాన్ని. లోపల పచ్చదనం కనబడితే ఆ పూటకు అన్నం సయించేది.

ఏరువాక పున్నమి ఇంకా రాకముందే కణుపు కణుపుకీ చిగురు పొడిచింది. మామగారు వంగి చిగురు తడిమి చూసి లోపలికి వెళ్ళిపోయారు. ఆశ్వయుజంలో ఒకరోజు తెల్లవారుజామున నేను తలుపు తీసేసరికి ముగ్గు కనబడలేదు. తెల్లటి రేకులు, పగడపు రంగు కాడలు, నేలంతా పరుచుకుని ఉన్నాయి. అమ్మ చూడని పువ్వులు చూసి ఏడ్చాను. వెంటనే అత్తగారిని కేకేసి గర్వంగా చూపించాను. ఆవిడ చెంగు పట్టి ఏరుకున్నారు.

మళ్ళీ చైత్రం వచ్చింది, ఆకు రాలింది. పేడ కలుపుకుని నేను వెళ్ళేసరికి పక్కింటావిడ గుమ్మం ముందు నిలబడి, "ఎండిపోయిందండీ, నాలుగు బిందెలు పోయించండి," అంటోంది. అత్తగారు బెరడు గోటితో గీకి ఆవిడకు పచ్చదనం చూపించారు.

"నీళ్ళు పోస్తే చస్తుందండీ. ముగ్గు వేశాను, కనబడలేదా?" అన్నారు.