బంగళాలో ఆఖరి పాస్టరమ్మ

మొన్న మంగళవారం పొద్దున మా సంఘం వాట్సాప్ గ్రూపులో రెండు ముక్కల కబురు వచ్చింది. పాస్టరమ్మ గారు ప్రభువునందు నిద్రించారనీ, సాయంత్రం మన ఊళ్ళోనే భూస్థాపన అనీ. నేను చీరాలలో చీరల కొట్లో పని చేస్తున్నాను. చేతిలో చీర మడత పెట్టడం పూర్తి చేసి, లోపలికి వెళ్ళి కూర్చున్నాను.

మా ఊరు పర్చూరు వైపు, రోడ్డుకి లోపలగా ఉంటుంది. అక్కడ ఒక బంగళా ఉంది. స్కాట్లాండ్ నుంచి వచ్చిన ఒక దొర, సంఘానికి కాపరిగా ఉండేవాళ్ళ కోసమని కట్టించాడు. మూరెడు మందం గోడలు, చుట్టూతా వరండా. దొరలు వెళ్ళిపోయాక మన పాస్టర్లు ఉన్నారు. వాళ్ళలో ఆఖరాయన భార్య ఈవిడ. ఆమెని పేరు పెట్టి పిలవగా నేనెప్పుడూ వినలేదు.

ఎవరు గేటు తీసుకుని వచ్చినా ముందు మంచినీళ్ళు ఇచ్చి, తాగేదాకా మాట్లాడనిచ్చేవారు కాదు. "తాగు. తర్వాత చెబుదువుగాని" అనేవారు. కరెంటు బిల్లు ఇవ్వడానికి వచ్చినవాడికైనా అంతే. సాయంత్రాలు పల్లెలో పిల్లలందరినీ కూర్చోబెట్టి ఇంగ్లీషు చెప్పేవారు. తప్పు చదివితే కోప్పడేవారు కాదు, కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకునేవారు. అది కోప్పడ్డంకంటే కష్టంగా ఉండేది.

పాస్టరు గారు పోయాక సంఘం పెద్దలు ఆ బంగళాని విజయవాడ ఆయనెవరికో లీజుకిచ్చారు. పెంకులు కారుతున్నాయి, బాగుచేయించే స్తోమతు మాకు లేదు అన్నారు. ఆయన తెల్లరంగు వేయించి, ఏసీలు పెట్టించి, హాలిడే హోం చేశాడు. పాస్టరమ్మ గారికి వెనక పాత వంటగది వదిలారు. డిగ్రీ చదివి ఇంట్లో ఖాళీగా ఉన్న నన్ను రిసెప్షన్‌లో పెట్టించింది ఆవిడే. "ఈ పిల్లకి ఇంగ్లీషు వచ్చండీ. నేనే నేర్పాను" అని ఓనరుతో చెప్పారు.

ఒకరోజు ఓనరు, వచ్చినవాళ్ళు చదువుకోడానికి బంగళా చరిత్ర రాసి పెట్టమన్నాడు. నేను నోటుబుక్కు పట్టుకుని వంటగదికి వెళ్ళాను.

"రాసుకో," అన్నారు. "వచ్చిన ఏడాదే దొర బిడ్డలిద్దరూ జ్వరంతో పోయారు. కొన్నేళ్ళకి కలరా వచ్చింది. దొర ఇంట్లో మంచాలన్నీ వరండాలో వేయించి, పల్లెవాళ్ళని పడుకోబెట్టాడు. వాళ్ళకి నీళ్ళు పోస్తూ పోస్తూ దొరసాని కూడా పోయింది. అప్పట్లో మనవాళ్ళకి శ్మశానమంటూ లేదు, ఊరి శ్మశానంలోకి రానిచ్చేవారు కాదు. పోయిన పల్లె పిల్లల్ని ఈ పెరట్లోనే పెట్టారు. పదకొండుమంది. మీ తాత అక్క కూడా అందులోనే ఉంది."

ఆ సంగతి మా ఇంట్లో నాకెవరూ చెప్పలేదు. ఇదంతా తనకి, తనకంటే ముందున్న పాస్టరమ్మ చెప్పిందనీ, ఆమెకి అంతకు ముందావిడ చెప్పిందనీ అన్నారు.

ఓనరు నేను రాసింది చదివి నవ్వాడు. "సెలవుల్లో జనం చావుల గురించి చదవడానికి వస్తారా అమ్మా?" అన్నాడు. 'నూరేళ్ళనాటి దొరల విడిది' అని బోర్డు రాయించాడు. పాస్టరమ్మ గారు దాని ముందు చాలాసేపు నిలబడ్డారు. "విడిదేంటే? ఈ ఇంట్లో ఒక్కళ్ళూ తీరుబడిగా కూర్చోలేదు" అన్నారు.

తర్వాతి వేసవికి పెరట్లో స్విమ్మింగ్ పూల్ అన్నారు. దొరసానివీ, ఆమె బిడ్డలవీ మూడు సమాధుల మీద చెక్కిన రాళ్ళున్నాయి. వాటికి చుట్టూ కంచె వేయించారు, ఫొటోలకి బాగుంటాయని. రాళ్ళు లేని మిగతా చోటంతా తవ్వుతామన్నారు.

పాస్టరమ్మ గారు కుర్చీ తెచ్చుకుని ఆ చోట కూర్చున్నారు. రెండు రోజులు, ఎండలో. సంఘం పెద్దలు వచ్చారు.

"ఎక్కడ ఎవరున్నారో ఇప్పుడు ఎవరికి తెలుసమ్మా?"

"నాకు తెలుసు. రాయి వేయించుకోలేనివాళ్ళు మనుషులు కారా?"

జేసీబీ డ్రైవరు ఇంజన్ ఆపేసి దిగిపోయాడు. "ఆవిడ లేచేదాకా నేను ముట్టుకోను సార్" అన్నాడు.

మూడో రోజు ఓనరు నన్ను పిలిచాడు. "నువ్వు చెబితే వింటుంది. వెళ్ళి చెప్పు. లేదంటే ఇద్దరూ కలిసి వెళ్ళిపోండి."

వెళ్ళాను. "లేవండి అమ్మగారూ," అన్నాను.

ఆవిడ తలెత్తి చూశారు. "నువ్వు కూడానా?"

ఆవిడ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని మెల్లిగా లేచారు. కుర్చీ ఆవిడే పట్టుకుపోయారు.

కాసేపటికి ఒక తెల్ల దుప్పటి తీసుకుని మళ్ళీ వచ్చారు. మన్ను పైకి వచ్చినప్పుడల్లా డ్రైవరుని ఆగమని, వంగి వేళ్ళతో వెతికారు. వేలెడంత ఎముకలు. ఒక పూస. నల్లబడిన చిన్న కడియం. ఆ కడియం చూశాక నేను రిసెప్షన్‌కి తిరిగి పోలేకపోయాను. దుప్పటి రెండో చివర పట్టుకున్నాను. చీకటి పడకముందే అన్నీ ఇప్పటి సమాధుల తోటలో ఒకే గుంటలో పెట్టాం. కొత్త పాస్టరు గారు ప్రార్థన చేశారు. పెద్దలెవరూ రాలేదు.

ఆ వారమే ఆవిడ వంటగది ఖాళీ చేసి, చిలకలూరిపేటలో చెల్లెలి కూతురి ఇంటికి వెళ్ళిపోయారు. నేను ఉద్యోగం మానలేదు. ఇంకో ఏడాది అక్కడే, పూల్ టైమింగ్స్ చెబుతూ కూర్చున్నాను. ఇది దాచుకుని ఆవిడ గురించి రాయడం నాకు చేతకాదు.

పేటలో ఆవిడ ఉన్నది స్పిన్నింగు మిల్లు వెనక గది. దగ్గు పట్టుకుంది. ఒకసారి వెళ్ళినప్పుడు, "ఆ రోజు నేను లెమ్మనకుండా ఉండాల్సింది" అని ఏడ్చాను.

"దుప్పటి రెండో చివర పట్టుకుంది ఎవరే?" అన్నారు. ఆ మాట ఇంకెప్పుడూ ఎత్తనివ్వలేదు.

ఆఖరిసారి చూసినప్పుడు నన్ను గుర్తుపట్టలేదు. నా చెయ్యి పట్టుకుని, "వరండాలో వాళ్ళకి నీళ్ళిచ్చావా?" అని అడిగారు. ఇచ్చానమ్మగారూ అన్నాను. "అందరికీ?" అన్నారు. అందరికీ అన్నాను. అప్పుడు కళ్ళు మూసుకున్నారు.

భూస్థాపనకి పెద్దలొచ్చారు, మైకులో మాట్లాడారు. మిరపకోతల రోజులు కావడంతో మా పల్లె ఆడవాళ్ళు ఇళ్ళకి పోకుండా చేల నుంచి నేరుగా వచ్చారు. పొద్దుటి నుంచి కాయలు కోసిన చేతులు. వాటితో కళ్ళు ముట్టుకుంటే మంట. అందుకని పెట్టె దించుతున్నంతసేపూ చేతులు ఒంటికి ఎడంగా పట్టుకుని నిలబడ్డారు. కన్నీళ్ళు చెంపల మీదుగా జారి గడ్డాల నుంచి బొట్లు బొట్లుగా పడుతున్నాయి. ఒక్కరూ తుడుచుకోలేదు.