మొహాల లెన్సు

గనిలోకి దిగేవాళ్లకు తలదీపాలందించే ఓదెలుకు ఏ అద్దం కనబడినా చొక్కా అంచుతో తుడవడం అలవాటు. సెలవురోజు కెమెరా మెడలో వేసుకుని గోదావరి గట్టున తిరుగుతాడు. నదిని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా పట్టే లెన్సు అతని ఏళ్లనాటి కోరిక. చవకగా పాతదొకటి వచ్చిందని కెమెరాలమ్మే హమీద్ కబురంపితే దుకాణానికి ఉరికాడు. పక్కనే, మొహాలను దగ్గరికి తెచ్చే లెన్సు కూడా ఉంది.

"ఒక్కటే తీస్కో భాయ్, రెండూ నీ జీతానికి బరువైతయ్," అన్నాడు హమీద్.

మొన్న గనిలో పైకప్పు కూలి పోశం పోయాడు. కొడుకు ఫొటో కోసం వాడి తల్లి సారవ్వ వస్తే, ఓదెలు తీసిన గుంపు ఫొటోలో వాడి మొహం పప్పుబద్దంతే ఉంది.

ఓదెలు రెండోదే తీసుకున్నాడు. మర్నాడు షిఫ్టుకు ముందు గనిలోకి దిగేవాళ్లను ఒక్కొక్కరినీ గోడ దగ్గర నిలబెట్టాడు.

"ఇప్పుడు ఫొటోలెందుకు కాకా?" రాజం నవ్వాడు.

"ఊకనే బిడ్డా," అంటూ ఓదెలు, తళతళలాడుతున్న లెన్సునే మళ్లీ తుడవసాగాడు.