తలకిందులైనా జారని ఒర

హన్మంతు తాటిచెట్టు మీంచి పడలేదు. ఊరంతా పడ్డాడనే చెప్పుకుంటుంది. ఎవరి నోట ఆ మాట వచ్చినా అతని భార్య అండాలు వాళ్ల దారికి అడ్డంగా నిలబడి సరిచేస్తుంది.

"పడలే. జారిండు. మోకు పట్టుకుంది. ఒర పట్టుకోలే."

జరిగింది అంతే. పోయిన చలికాలం, లింగాల ఘనపూర్ పక్కనున్న వాళ్ల పల్లెలో, రాత్రంతా మంచు తాగి చెట్లు నల్లగా మెరుస్తున్న ఒక పొద్దున, హన్మంతు కాలు జారి నిలువెత్తు కిందికి వచ్చాడు. నడుమునూ చెట్టునూ కలిపి చుట్టిన మోకుతాడు అతన్ని ఆపింది. కానీ ఆ కుదుపుకు నడుము వెనక కట్టుకునే ముస్తాదు ఒరలో ఉన్న గీత కత్తి నీళ్లలోంచి చేప ఎగిరినట్టు ఎగిరింది. వెలుతురును ఒకసారి కోసి, తిరిగి వస్తూ అతని మోకాలి వెనక దిగింది. నరం తెగింది. దవాఖానలో కుట్లు వేశారు. కాలు మిగిలింది, మడత పోయింది. మడత పడని కాలితో నేల మీద నడవొచ్చు గాని ఆకాశం వైపు నడవలేరు.

చూడవచ్చిన గీత కార్మికులు మంచం చుట్టూ కూర్చుని ఒకటే మాట అన్నారు. "అంత కాటమయ్య దయ."

చాయ్ గ్లాసులు పంచుతున్న అండాలు ఆగింది. "కాటమయ్య కత్తి ఎగరెయ్యలే అన్నా. మూత లేని ఒర ఎగరేసింది. దేవుని మీద పెట్టకున్రి, ఒర మీద పెట్టున్రి."

వాళ్లందరి నడుములకూ అవే ఒరలు. తాతల నాటి కొలత, నోరు తెరుచుకుని ఉంటుంది. కత్తి అందులో ఉండటమంటే తనంతట తాను ఉండాలనుకున్నంత సేపే.

ఏడాది తిరిగేసరికి గీత సొసైటీ అధ్యక్షుడు జగన్మోహన్ నుంచి కబురు వచ్చింది. హన్మంతు వంతు పదకొండు చెట్లు గీయకుండా ఎండిపోతున్నాయి, వేరేవాళ్లకు పంచుతాం అని. అండాలు నేరుగా అతని ఇంటికే పోయింది.

"నేనెక్కుత."

జగన్మోహన్ నవ్వాడు. అతని నవ్వు ఎప్పుడూ మనిషికంటే ఒక అడుగు ముందు నడుస్తుంది. "చీర కట్టుకొనా, చెల్లె?"

"నువ్వు లుంగి కట్టుకొని ఎక్కినవు గద, నేనేమన్న అన్ననా?"

లోపల ఎవరో కిసుక్కుమన్నారు. అతని నవ్వు ఆగింది. "సరే. నెల రోజులు. అమాస పోయిన ఆదివారం అందరి ముంగట ఎక్కి, గీసి చూపియ్యి. ఎక్కితే నీయి. లేకుంటే పంచుతం."

ఎక్కడం ఆమెకు కొత్త కాదు. రేగొండ దగ్గరి పుట్టింట్లో, ఆమె పదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు, కొడుకులు లేని వాళ్ల బాపు ఆమె నడుముకు మోకు కట్టి నేర్పాడు. పెద్దమనిషి అయ్యాక ఆ మోకును అటక మీద పెట్టేశారు. అప్పటి నుంచి ఆమె అరికాళ్లలో ఒక చెట్టు ఎక్కకుండా మిగిలిపోయింది.

హన్మంతు వద్దనలేదు. తన గట్టిపడ్డ కాలి వైపు చూసుకున్నాడు.

"ఎక్కు. కని నా ముస్తాదుతోని ఎక్కద్దు. ఇరవై ఏండ్లు నడుము మీద పామును మోసిన, తెల్వలే. నువ్వు తెల్సి మొయ్యద్దు."

అలా మొదలైంది కొత్త ఒర కోసం వెతుకులాట. వచ్చే ఆదివారాలను వేళ్ల మీద లెక్కపెడుతూ.

ముందు తనే చేసుకుంది. పాత బోరు పైపు ముక్క కోసి, పొయ్యి మీద వేడిచేసి, రుబ్బురోలు కింద పెట్టి చదును చేసింది. కత్తి అందులోకి బిగుతుగా దిగింది. తలకిందులు చేసి దులిపితే పడలేదు. ఆ పూటంతా పాటలు పాడుకుంది. మర్నాడు పెరట్లోని పొట్టి ఈతచెట్టు ఎక్కి, సగంలో ఆగి, కత్తి లాగింది. రాలేదు. ఇంకా గట్టిగా లాగింది. రాలేదు. చెమటకు పైపు కత్తిని కరిచి పట్టింది. రెండు చేతులతో లాగితే వస్తుంది, కానీ చెట్టు మీద రెండో చెయ్యి మనది కాదు, చెట్టుది. దిగి వచ్చింది.

కింద మంచం మీంచి హన్మంతు అడిగాడు. "ఏమైంది?"

"కత్తిని పోనియ్యని ఒర దొరికింది. ఇచ్చే ఒర దొర్కాలె."

జనగామ బస్టాండు దగ్గర చేపల గాలాలు, టార్చిలైట్లు, బెల్టులు అమ్మే రాజేశ్ తన దుకాణంలో పచ్చ మచ్చల నైలాన్ ఒర ఒకటి చూపించాడు.

"మిలిటరీ మాల్ అక్కా! పట్టీ ఉంది, బటన్ ఉంది. ఎంత ఉరికినా కత్తి కదలదు."

"మిలిటరోల్లు తాటిచెట్లెక్కుతరా తమ్మీ?" అని ఆమె సంచిలోంచి కత్తి తీసింది. నెలవంకలో సగం విరిచినట్టుండే వెడల్పు కత్తి. ఆ నిటారు ఒరలోకి మొన పోయింది, నడుం పోలేదు.

రాజేశ్ తల గోక్కున్నాడు. "కత్తి మార్చుకో అక్కా. సక్కటియి శాన ఉన్నయి."

"చెప్పు సరిపోకుంటే కాలు మార్చుకుంటవా?"

అతను నవ్వేశాడు. మంచివాడు. నైలాన్ ఒరను తిరిగి మేకుకు తగిలించి, నర్సింహులపేటలో ముత్తయ్య అనే ముసలాయన ఉన్నాడని, ఇప్పటికీ బర్రెతోలుతో చేత్తో కుడతాడని, తన నాయిన బెల్టు ఆయన కుట్టిందేనని చెప్పాడు.

జనగామలో ఒక బస్సు, తొర్రూరులో ఇంకొకటి. ముత్తయ్య ఇంటి గుమ్మం మీద నీలం రంగుతో గీసిన సిలువ ఉంది. అరుగు మీద తెగిన చెప్పులు ఊపిరి బిగబట్టిన పిట్టల్లా వరసగా కూర్చున్నాయి. వచ్చిన పని విని ముత్తయ్య భార్య రూతు చెంబుతో నీళ్లు తెచ్చి, ఇవ్వకుండా ఆగింది.

"మీరు గౌండ్లోల్లు గద బిడ్డా. మా ఇంట్ల తాగుతవా?"

"దూప కులం అడగదు అవ్వా," అని అండాలు చెంబు అందుకుని గటగటా తాగింది.

తర్వాత కత్తి తీసి నేల మీద పెట్టింది. కత్తిని చేతి నుంచి చేతికి ఇస్తే ఇద్దరి మధ్య తగవు పుడుతుందని ఆ ప్రాంతంలో ఎవరూ ఇవ్వరు. నేల మీద పెడతారు, అవతలివాళ్లు నేల నుంచి తీసుకుంటారు. ముత్తయ్య తీసుకుని, బొటనవేలితో వంపు తడిమి, మళ్లీ నేల మీదే పెట్టాడు.

"కత్తిని చూసిన. ఇగ నువ్వు ఎట్ల ఎక్కుతవో చూపియ్యి."

"ఒర కత్తికి గద పెద్దయ్యా?"

"కత్తికి పెట్టె చేస్తరు బిడ్డా. ఒర నడుముకు కుడ్తరు."

ఇంటి ముందు వేపచెట్టు ఉంది. అండాలు కొంగు దోపి, గోచి బిగించి, సంచిలోని మోకు తీసి చుట్టి, చేతికి అందేంత ఎత్తు ఎక్కి ఆగింది. వాడకట్టు ఆడవాళ్లు పని వదిలి వచ్చారు. రూతు దారం, సుద్దముక్క పట్టుకుని చెట్టు కిందికి వచ్చి మొగుణ్ని చూసింది.

"అటు తిరుగు ముసలోడా. కొలత నేను తీస్త."

"నేను చూడకుంటె ఎట్ల కుడ్త?"

"యాభై ఏండ్ల సంది నా మాట ఇనే కుడ్తున్నవు. ఇయ్యాల కండ్లు ఎందుకు?"

నవ్వుల మధ్య కొలత మొదలైంది. రూతు ఒక కట్టె ముక్కను కత్తిలా పట్టి ఆమె నడుము చుట్టూ జరుపుతూ, ఎక్కడ తగులుతుందో అడిగింది. కుడి పక్కన పెడితే, నేల మీద హాయిగా ఉన్నది చెట్టు మీద మోకాలు పైకి లేవగానే తగిలింది. సరిగ్గా వెనక పెడితే మోకు ఒరుసుకుంది, పైగా జారితే అది వెన్నుపూస మీదే పడుతుంది. కుడి తుంటి ఎముకకు బెత్తెడు వెనక, కొంచెం వాలుగా పెట్టినప్పుడు అండాలు శరీరం ఒక్కసారి మెత్తబడింది. అడగకుండానే రూతు అక్కడ సుద్దతో గీత గీసింది.

గోడకు ముఖం పెట్టి కూర్చున్న ముత్తయ్య అన్నాడు. "మగోని నడుము నిలువుగ దిగుతది. ఆడిదాని తుంటి బైటికి వస్తది. ఒర మీదికి కడ్తె పిడి పక్క ఎముకలల్ల గుద్దుతది. నాలుగు వేళ్లు కిందికి యాలాడాలె. కూసుంటె తొలగాలె, ఎక్కితె ఊగొద్దు. అడుగున ఇంకో తాడు తొడకు కడ్త."

చిన్న కత్తికి పక్కనే ఇంకో గది ఉండాలంది అండాలు. పెద్దది మట్టలు నరకడానికి, చిన్నది గెల అంచును సన్నగా గీయడానికి. బటన్ పెడతావా అని అడిగింది.

"ఇనుప బటన్ కల్లు తాగి తుప్పు పడ్తది. నీకు అక్కరున్న నాడే బిగుసుకుంటది. తోలు ఉంగరం, కొమ్ము గుండీ. బొటనేలుతోని ఒక్క నూకు నూకితె ఇప్పుకోవాలె."

నాలుగు రోజుల తర్వాత ఆమె మళ్లీ వెళ్లింది. నానబెట్టిన తోలును కత్తి మీదే ఆరబెట్టడంతో ఆ వంపు తోలుకు వచ్చింది. నిద్రలో పక్కకు ఒత్తిగిలిన మనిషి ఆకారం పరుపుకు వచ్చినట్టు. పదును కుట్లను కోయకుండా అంచు పొడుగునా మందపు తోలుపట్టీ లోపల పెట్టాడు. నీళ్లు నిలవకుండా అడుగున ఒక చిల్లు. ముత్తయ్య కత్తిని ఒరలో పెట్టి, గుండీ వేసి, ఒరను తలకిందులుగా తన వట్టి పాదం మీదికే పట్టి మూడుసార్లు గట్టిగా దులిపాడు.

"ఓ దేవా!" అని రూతు కళ్లు మూసుకుంది.

కత్తి కదల్లేదు. అతను ఒరను నేల మీద పెట్టాడు. "ఇగ తీస్కో."

గడువు పెట్టిన ఆదివారం తాటివనంలో ముప్పై మంది దాకా చేరారు. హన్మంతు కట్టె పట్టుకుని వచ్చి, ఎవరి పక్కనా కాకుండా ఆమె ఎక్కబోయే చెట్టు మొదట్లోనే నిలబడ్డాడు. జగన్మోహన్ కుర్చీలో కూర్చుని ఆమె నడుము వైపు చూశాడు.

"తోలు ఎక్కడిది?"

"నర్సింహులపేట ముత్తయ్యది."

"మాదిగోల్ల ఇంటి తోలు కట్టుకొని కాటమయ్య చెట్టెక్కుతవా?"

అండాలు మోకు ముడి చూసుకుంటూనే జవాబిచ్చింది. "డప్పు లేకుండ కాటమయ్య పండుగ ఎన్నడన్న చేసినవా అన్నా? డప్పు తోలు కాదా? దేవునికి ఇనవడ్డ తోలు నీకెందుకు కనవడ్తుంది?"

ఎవరో వెనక నుంచి "అట్లడుగు!" అన్నారు. జగన్మోహన్ మాట మార్చాడు. "గది సరే. హన్మంతు పేరు పుస్తకంల ఉండంగనే నీ పేరెట్ల ఎక్కుతది? ఒక్క ఒరల రెండు కత్తులు ఇమడయి."

ఆమె తుంటి మీద చెయ్యి వేసి ఒరను ముందుకు తిప్పి చూపించింది. పెద్ద పిడి, చిన్న పిడి పక్కపక్కనే ఉన్నాయి. "ఇమిడినయి. ఆ సామెత తాటిచెట్టెక్కనోడు కట్టిండు."

ఈసారి గీత కార్మికులే పగలబడి నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే ఆమె కాళ్లకు గుజి తాడు తగిలించుకుని చెట్టును కౌగిలించుకుంది.

నేల మెల్లగా తన పట్టు వదిలింది. మొదట మనుషుల మాటలు పోయాయి, తర్వాత వాళ్ల ముఖాలు, తర్వాత వాళ్ల అభిప్రాయాలు. మోకు పైకి విసరడం, కాళ్లు ముడవడం, లేవడం. మోకాలు ఎంత పైకి వచ్చినా దేనికీ తగల్లేదు. ఒర ఆమె నడకను నేర్చుకున్నట్టుంది.

సగానికి పైన, బెరడు ఊడిన చోట, కుడికాలు జారింది.

ఆకాశం ఒక్క ఊపున పైకి పోయింది. కింద ముప్పై గొంతులు ఒకే అరుపు అరిచాయి. ఆమె నిలువెత్తు జారి, ఒక పక్కకు ఒరిగి, మోకు మీద ఊగి ఆగింది. మోచేయి చర్మం లేచి మండింది. ఆమె ఎదురుచూసింది మంట కోసం కాదు. వెనక నుంచి చల్లటిదేదైనా వచ్చి దిగుతుందేమోనని, ఒంట్లోని ప్రతి నరంతో విన్నది. ఏమీ రాలేదు. చెయ్యి వెనక్కి పంపి తడిమింది. రెండు పిడులూ ఉన్నచోటే ఉన్నాయి.

"దిగు! చాలు, దిగు!" జగన్మోహన్ గొంతు. "ఏమన్న అయితే మా మీదికొస్తది!"

హన్మంతు మాత్రం ఒకటే అడిగాడు. "ఒర?"

"పట్టుకుంది!" అని పైనుంచి అరిచింది.

"అయితే ఎక్కు!"

ఎక్కింది. మట్టల మధ్య కుదురుకుని ఎడమచేత్తో చెట్టును పట్టుకుని, కుడి బొటనవేలితో కొమ్ము గుండీని ఒక్క నూకు నూకింది. కత్తి అడిగిన మనిషి చేతిలోకి వచ్చినట్టు వచ్చింది. ఎండిన మట్టలు నరికి కిందికి తోసింది. చిన్నకత్తితో గెల అంచును తమలపాకంత పలచగా గీసింది. తెల్లని చుక్క ఒకటి ఊరి, ఆలోచించి, వదిలింది. కల్లు పట్టే లొట్టి కట్టి, రెండు కత్తులూ ఒరలో పెట్టి, గుండీ వేసి, తొందర లేకుండా దిగింది.

ఆమె పాదాలు నేలను తాకేసరికి జగన్మోహన్ లేచి నిలబడి ఉన్నాడు. "ఎక్కినవు, ఒప్పుకున్న. పుస్తకంల హన్మంతు పేరే ఉండనియ్యి, నువ్వు ఎక్కుతుండు. ఎవరు కాదంటరు?"

"నేను కాదంట," అన్నది అండాలు. "పేరు రాసేదాక ఇక్కణ్నుంచి కదల."

గీత కార్మికుల్లో ఒకరు "రాయన్నా, ఎక్కిందాయె" అన్నారు. ఇంకొకరు పుస్తకం తెచ్చి కుర్చీలో పెట్టారు. అతను నిలబడే రాసి, మూయబోయాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. ఐదో తరగతి చదువుతో, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివింది.

"హన్మంతు బదులు అండాలు."

తలెత్తింది. "బదులు కొట్టెయ్యన్నా. నేను ఎవ్వరి బదులు ఎక్కలే."

"ఒక్క మాటకు గింత పంచాదా?"

"ఒక్క మాటే గద. కొట్టెయ్యి."

అతను హన్మంతు వైపు చూశాడు, మొగుడైనా సర్దిచెబుతాడేమోనని. హన్మంతు కట్టె మీద గడ్డం ఆనించి చెట్టు మీది లొట్టిని చూస్తున్నాడు. చివరికి కలం రెండు మాటల మీద అడ్డంగా నడిచింది. అండాలు ఇంకోసారి చదివింది. ఈసారి చదవడానికి ఒక్క పేరే ఉంది.

ఆమె మోకు భుజాన వేసుకుని పక్క చెట్టు దగ్గరికి నడిచింది. ఎండ ఇంకా ముదరలేదు, పది చెట్లున్నాయి.