కూలి వేయని ఎస్టిమేట్

ఎస్టిమేట్ వేయడంలో నన్ను మించినవాళ్లు లేరని ఆ రోజుల్లో నాకు మహా గీర. బరంపురంలో, అంకులి వైపున్న మా ఇంటి ముందుగదే నాన్న రేడియో రిపేరు దుకాణం. టీవీలు అప్పుడప్పుడే ఇళ్లలోకి వస్తున్నాయి. మా ఊళ్లో కరెంటు ఎప్పుడు ఎగురుతుందో, ఎప్పుడు పడుతుందో తెలియదు కాబట్టి టీవీ కొన్నవాళ్లు స్టెబిలైజర్ కూడా కొనుక్కునేవారు. అవి అమ్మే ఒడియా షావుకారు ఒకాయన వచ్చి, లోపలి సర్క్యూట్ బోర్డులు మీరు కట్టిస్తారా, బోర్డుకి ఎంత పడుతుందో రాసివ్వండి అని నాన్నని అడిగాడు.

నాన్నకి పని వచ్చుగానీ కాగితం అంటే ఒళ్లు బరువు. ప్లస్ టూ అయిపోయి ఖాళీగా ఉన్నదాన్ని నేను. సోల్డరింగ్ నాన్న పక్కన కూర్చుని చిన్నప్పుడే నేర్చేసుకున్నాను. "ఆడపిల్ల సేతులు కాల్సుకుంటాది" అని అమ్మ గొణుగుతూనే ఉండేది.

ఎస్టిమేట్ ముచ్చటగా వేశాను. రెసిస్టర్లు, కెపాసిటర్లు, ట్రాన్సిస్టర్లు, రిలే. విశాఖపట్నం నుంచి సామాను తెచ్చుకునే రైలు ఖర్చు. సీసం తీగ. వేడి తగిలి పాడయ్యే వాటికి తరుగు. సోల్డరింగ్ ఐరన్ కాల్చే కరెంటు, దాని మొన అరిగిపోతే వేసే కొత్త మొన. సరుకు పట్టుకెళ్లడానికి వచ్చే షావుకారు మనిషికి ఇచ్చే టీని కూడా వదల్లేదు. నాన్న కళ్లజోడు పెట్టుకుని చదివాడు.

"అన్నీ ఏసినావు గానీ కూలేదమ్మా? బోర్డు కట్టినోళ్లకి ఏటీ ఎయ్యలేదు."

"కట్టేది నేనే కద నాన్నా. ఇంట్లో మనిషికి కూలేటి?"

నాన్న ముఖం చాటంత అయింది. లోపల్నుంచి విన్న అమ్మ కూడా సంతోషించింది. మా ఇళ్లలో అంతే. దుకాణం ఊడ్చినా, చుట్టాల పెళ్లికి అప్పడాలు వత్తినా, ఇంటి మనిషి పనికి వెల కట్టుకుంటే నామోషీ. ఆ గొప్ప బుద్ధి నాకు ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. ఇప్పుడు తలుచుకుంటే నామీద నాకే ఒళ్లు మండుతుంది.

షావుకారు కాగితం చూసి మారు మాట్లాడకుండా ఒప్పుకున్నాడు. బోర్డులు ఒక విడత వెనక ఒక విడత వచ్చిపడ్డాయి. పొగకి కళ్లు మండేవి, మెడ పట్టేసేది. అయినా ఆ పని నాకు ఇష్టంగానే ఉండేది, అబద్ధం ఎందుకు చెప్పాలి? ఇష్టం కాబట్టే మరుసటి వేసవిలో ఎలక్ట్రానిక్స్ డిప్లమాకి దరఖాస్తు పెట్టాను. సీటు వచ్చింది. నాన్న వీధి వీధంతా రసగుల్లాలు పంచాడు.

తర్వాత నా బదులు కూర్చునే మనిషి కోసం వెతికాడు. గోపాల్‌పూర్‌లో రేడియోలు బాగుచేసే ఒకతను వచ్చాడు. న్యాయమైన కూలే అడిగాడు. నాన్న నా ఎస్టిమేట్ ముందేసుకుని కూర్చున్నాడు. దాంట్లో టీకి చోటుంది గానీ ఆ మనిషికి లేదు.

"షావుకారుని రేటు పెంచమని అడుగు నాన్నా."

"ఒకపాలి ఒప్పుకున్న రేటు. ఇపుడేటని అడగమంటావు? నా కూతురు సదువుకి ఎల్తంది, ఎక్కువియ్యండి అని సెప్పమంటావా? బజార్లో మొకం ఎలా సూపించాల?"

కోపంగా అనలేదు, దిగులుగా అన్నాడు. కోపంగా అని ఉంటే నేనూ గట్టిగా మాట్లాడేదాన్నేమో. రేడియోలు పట్టుకొచ్చేవాళ్లు తగ్గిపోయారు, ఇల్లు ఆ బోర్డుల మీదే నడుస్తోంది. "వచ్చే ఏడు చూద్దాంలే" అన్నది నేనే. వచ్చే ఏడు దాకా సీటు నా కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుందా? కూర్చోలేదు. ఆ తర్వాత ఛత్రపూర్ సంబంధం వచ్చింది, పెళ్లయిపోయింది.

నేను వెళ్లిపోయాక నాన్నకి మనిషిని పెట్టక తప్పలేదు. ఓసారి పుట్టింటికి వచ్చినప్పుడు చూస్తే, ఆ గోపాల్‌పూర్ అతనే నా పీట మీద కూర్చుని బోర్డు కడుతున్నాడు.

"మరి రేటు ఎలాగ నాన్నా?" అన్నాను.

నాన్న నావైపు చూడలేదు. "ఎల్లి అడిగినానమ్మా. కూలి కలిపేసుకోమన్నాడు, బేరం కూడా ఆడనేదు. మొదట కాయితం సూసినపుడే అనుకున్నాడట, ఈళ్లు కూలి ఎయ్యడం మరిసిపోయినారని. మనమే అడుగుతామని సూసినాడట."

అమ్మ టీ తెచ్చింది. ఎవరిమీద అరవాలో తెలియలేదు. షావుకారు మీదా? నాన్న మీదా? కాగితం మీద చేతిరాత నాదే.

పొద్దు వాలింది. ఆ మనిషి చేతిలో ఉన్న బోర్డు సగంలోనే పక్కన పెట్టి, ఐరన్ ప్లగ్గు పీకేసి, చొక్కా దులుపుకుని, "ఎల్తాను బాబూ" అని నాన్నతో చెప్పి వెళ్లిపోయాడు. ఆ పీట మీద నేను కూర్చున్న అన్నాళ్లలో, అలా లేచి వెళ్లిపోవచ్చని నాకు ఒక్కసారి కూడా తోచలేదు.