మారికుప్పం ప్లాట్‌ఫారం మీద మా పాప

మా వైపు బంగారు గనులు మూతపడ్డ కొన్నేళ్ళకు జరిగిన సంగతి. ఆ ఏడాది ఆవని కొండ నుంచి నంగలి దాకా మా సంసారం బరువుకు వంగని బస్సు లేదు. పెద్దవాడు ఈత నేర్చుకుంటూ, అసలే కరువు జిల్లాలో ఉన్న నీళ్ళు సగం తాగేశాడు. ఆదివారాలు నేను కంటి శిబిరంలో ముసలివాళ్ళను చెయ్యి పట్టి నడిపించేవాణ్ణి. నడవనిదల్లా మా పాపే. ఏడాదిన్నర దాటినా నా వేళ్ళు వదిలేది కాదు. ఇక నడవదేమోనని మా ఆవిడ లోలోపల కుమిలిపోయేది.

ఒకరోజు మా ఆవిడతో రైలు కోసం కాచుకుని, మారికుప్పం స్టేషన్లో పాపను నడిపిస్తుంటే, రైలు పట్టాలంత మీసాలున్న ముసలాయన అడిగాడు.

"బిడ్డ నడస్తా ఉండాదా, నువ్వే నడిపిస్తా ఉండావా అప్పా?"

"వదిలితే పడిపోతాదన్నా."

"గనిలో దిగిన కొత్తోళ్ళకీ కాళ్ళు వణికేవి. మేము చెయ్యి పట్టుకునేటోళ్ళం కాదు. రెండడుగులు ముందు నిలబడి పిలిచేటోళ్ళం."

ఆయన పాప ఎదురుగా గొంతుక్కూర్చుని, "రా తల్లీ" అన్నాడు. నేను వేళ్ళు విడిపించుకుని, పడితే పట్టుకోవడానికి వెనక కొండంత చేతులు చాచి నిలబడ్డాను.

"ఇంగ ఆ చేతులు తీయండి," అంది మా ఆవిడ.

తీశాను. పాప ఊగింది, ఒక అడుగు వేసింది. ఆయన అందుకోకుండా కొంచెం వెనక్కి జరిగాడు. పాప ఇంకో అడుగు వేసింది. ఆయన మళ్ళీ జరిగాడు. అలా ఐదడుగులు వేసింది. మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రైలొచ్చింది. ఆయన ఏ పెట్టె ఎక్కాడో నేను చూడలేదు, పాపనే చూస్తూ ఉండిపోయాను.

ఏడాది చివర చుట్టాలకు రాసిన ఉత్తరంలో ఆవని కొండను హిమాలయం చేశాను, పెద్దవాడి చేత సముద్రం ఈదించాను. పాప గురించి మాత్రం "ఐదడుగులు వేసింది" అని రాసి, కలం మూసేశాను.